ఒడికీ అద్దె!

సూరత్‌ లింబాయత్‌లో మరమగ్గాలు నడిపే మన పద్మశాలీలు బతుకమ్మకో పెళ్లికో వరంగల్‌ రావాలంటే నవజీవన్‌ ఎక్స్‌ప్రెస్‌ ఎక్కేవారు. పై బెర్తుకు సూరత్‌ చీర కట్టి ఉయ్యాల వేస్తే చంటిది బల్లార్షా దాకా కిక్కురుమనేది కాదు. అయిదేళ్లు నిండని పెద్దాడికి బెర్తు అడక్కపోతే టికెట్టే లేదు.

ఇప్పుడు హైదరాబాద్‌కు విమానం వచ్చింది. 2023 డిసెంబరు 17న ప్రధాని ప్రారంభించిన సూరత్‌ కొత్త టెర్మినల్‌ తళతళలాడుతోంది. లేనిదల్లా చంటిదానికి సీటు. రెండేళ్లు నిండేదాకా అమ్మ ఒడిలోనే ఉండాలట, దానికీ రుసుమట! ఒడి అమ్మది, అద్దె కంపెనీది. రెండో పుట్టినరోజు దాటిందా, పూర్తి సీటు కొనాల్సిందే. ఇకమీదట మేనమామలు కేకు కోయించే ముందు టికెట్‌ తారీఖు చూసుకోవడం మంచిది.

ఇక పెద్దాడి సంగతి. అదనంగా కట్టి సీటు ఎంచుకోకపోతే వాడు ముక్కు దగ్గర, అమ్మానాన్న తోక దగ్గర పడేవారు. పన్నెండేళ్లలోపు పిల్లల్ని తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనైనా కూర్చోబెట్టండి మహాప్రభో అని 2024 ఏప్రిల్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెప్పాల్సి వచ్చింది! (నాలుగేళ్లవాణ్ని ఒంటరిగా ఓ వజ్రాల వ్యాపారి పక్కన కుదేస్తే, జాలిపడాల్సింది వ్యాపారి మీదే.)

బెల్టు దీపం వెలిగింది. చంటిది రాగం అందుకుంది. చీర సంచిలోనే ఉంది గానీ, కట్టడానికి కొక్కెమేదీ?