నా వీరచక్రములు

దీపావళినాడు వీధిలో టపాకాయ ప్రేలినను చెవులు మూసికొని పెరటిలోనికి పరుగెత్తు నాకు, సైనికుల వీరపతకముల నకళ్లను సేకరించు వ్యసన మెట్లబ్బినదో ఆ అనంతపద్మనాభస్వామికే యెరుక. పరమవీర, మహావీర, వీరచక్రము లొక వరుసగను, శత్రువున కెదురుగా గాక యన్యత్ర చూపిన సాహసమున కిచ్చు అశోక, కీర్తి, శౌర్యచక్రములు వేరొక వరుసగను, వికారాబాదులోని మా యింటి ముందుగదిలో గాజుపెట్టెయందు కొలువుదీరి యున్నవి. తాండూరులో బండల వ్యాపారము చేయు మా బావమరది వానిని చూచి, "ఏ జంగుల గెల్సినవ్ బావా గివ్వి?" అని యడిగెను. నకళ్లని చెప్పగానే, దేనినైనను చదరపుటడుగుల లెక్కన తప్ప గౌరవింప నెరుగని యా మహానుభావుడు, "మరి గిన్నిటికి ఎంత వెట్టినవ్?" అనెను.

నేను ధర దాచి చరిత్ర విప్పితిని. పరమవీరచక్రము అంగుళమున్నరకైన చాలని కంచుబిళ్ల. ఊదారంగు పట్టీకి వ్రేలాడును. స్విట్జర్లాండున జనించి, మన సైనికాధికారిని పెండ్లాడి, పురాణములు మథించిన సావిత్రీ ఖానోల్కర్ దానికి రూపకల్పన చేసి, దధీచి యస్థులతో నిర్మితమైన యింద్రుని వజ్రాయుధమును నాలుగు దిక్కుల నిలిపినది. 1950 జనవరి 26న నెలకొల్పబడిన యా పతకమునకు తొలి గ్రహీత మేజర్ సోమనాథశర్మ. 1947 నవంబరు 3న బడ్గామున, చేతికి ప్లాస్టరు కట్టుండగనే, తూటాలు నింపి తనవారి కందించుచు నేలకొరిగిన వీరుడు. ఆయన తమ్ముడు సావిత్రీదేవికి అల్లుడు.

చుట్టరికము వినబడగనే మా వాని కన్నులు మెరసినవి. "అంటె ఇంటోళ్లకే ఇచ్చుకున్నరన్నట్టు!"

"21 మందిలో 14 మంది పోయిన తరువాతనే గదా అది వచ్చినది! మన హైదరాబాదు మేజర్ పద్మపాణి ఆచార్యకు, సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబుకు మహావీరచక్రములు వచ్చినదియు నట్లే" నంటిని. అతడు కొంతసేపు గాజుపై చేయి తీయలేదు.

అతనిని మరల మాటలలోనికి దింపుటకై మన కొండ కథ నెత్తుకొంటిని. దేవతల పక్షమున నసురులతో పోరిన ముచుకుందుని వారు వరమడుగుమన్నపుడు, అతడు నిద్ర నడిగెను. స్థలపురాణము ననుసరించి ఆ నిద్ర మన యనంతగిరి గుహలోనిదే. కృష్ణుని వెన్నంటి వచ్చి, పొరపాటున నతనిని తన్ని లేపిన కాలయవనుడు ముచుకుందుని చూపునకే భస్మమయ్యెను. పిదప ముచుకుందుడు కృష్ణుని పాదములు కడిగిన జలమే మూసీనది. ఎంత వెదకినను నకలు దొరకని వీరపురస్కార మా నిద్ర యొక్కటే యని ముగించితిని.

"ఎందుకు లేదు బావా?" అనెను మా బావమరది. "నువ్వు దినాం పగటీలి కునుకు తీస్తలేవా? నడుమల లేపితె ఎట్ల చూస్తవో అక్కనడుగు."