అన్ని కాలాల్లోనూ పనికిరాని బూట్లు: ఫ్లాట్ పెడల్ రైడర్లకు కొనుగోలు చిట్కాలు

ఎంటీబీ కొనేశారు. డిస్క్ బ్రేకులు, ముందు సస్పెన్షన్, ఇంట్లో చెప్పిన ధర ఒకటి, బిల్లు మీది ధర ఇంకొకటి. ఇంతవరకూ అంతా సవ్యంగానే జరిగింది. చిక్కల్లా ఆదివారంతోనే. హైదరాబాద్ గ్రూపువాళ్లు తెల్లవారుజామున నాలుగింటికే లేచి, సైకిళ్లు కార్లకు కట్టుకుని వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకు బయల్దేరతారు. మిమ్మల్నీ రమ్మంటారు. రాననడానికి కారణం కావాలి. నడుం నొప్పంటే ఎవరో ఒకరు డాక్టర్ నంబరు పంపిస్తారు. సైకిలు పాడైందంటే పానాలు పట్టుకుని ఇంటికే వచ్చేస్తారు. బూట్లు బాగాలేవంటే మాత్రం ఎవరూ మారు మాట్లాడరు. కాబట్టి ఎండకూ, వానకూ, చలికీ మూడింటికీ పనికిరాని జత ఒకటి చూసి కొనుక్కోండి. ఎలాగో చెబుతాను.

1. సోలును గోటితో నొక్కి చూడండి. ఫ్లాట్ పెడల్ మీద కాలిని పట్టి ఉంచడానికి క్లిప్పులూ గట్రా ఏమీ ఉండవు. పెడల్ మీద నిలబడి ఉండే సన్నటి ఉక్కు పిన్‌లు, అవి దిగబడే మెత్తటి రబ్బరు, అంతే. గోరు నొక్కితే గుంట పడి, అది తీరిగ్గా మళ్లీ పైకి లేచిందంటే ఆ రబ్బరు పిన్‌ను వదలదు. వెంటనే కింద పెట్టేయండి. గోరు జారి టక్కుమంటే అదే మీ జత. చార్లెస్ కోల్ అని ఒకాయన, బండలెక్కేవాళ్ల కోసం 1985లో ఫైవ్ టెన్ అనే కంపెనీ పెట్టాడు. రాయిని కరిచిపట్టుకునే వాళ్ల రబ్బరే తర్వాత సైకిలు బూట్ల అడుగుకూ వచ్చింది. 2011లో ఆ కంపెనీని అడిడాస్ కొనేసింది. ఇంత చరిత్ర ఉన్న రబ్బరు మనకెందుకండీ? కాలు అతుక్కుంటే తొక్కాల్సి వస్తుంది. పైగా మెత్తటి రబ్బరు త్వరగా అరుగుతుంది, ఆ మాట నిజం. ఆ ఒక్క నిజాన్నీ పట్టుకుని ఎంతమందితోనైనా వాదించవచ్చు.

2. ట్రెక్కింగ్ బూట్లు కొనండి. అడుగున ఇంత లోతు గాళ్లుంటాయి, చూడగానే ఏ వానకైనా జడవనట్టు కనిపిస్తాయి. ఫ్లాట్ పెడల్ కోసం చేసిన సోలు చదునుగా ఉంటుంది. దాని మీద చిన్న చిన్న చుక్కలో, ఆరు పలకల గళ్లో ఉంటాయి. ఆ సందుల్లో పిన్‌లు ఎక్కడ పెట్టినా దిగుతాయి. ట్రెక్కింగ్ సోలుకు పిన్ గట్టు మీద నిలబడుతుంది, లేకపోతే గాడిలో పడి కాలిని మీరు కోరని చోట ఇరికిస్తుంది. ఇక చేవెళ్ల వైపు రేగడి మట్టి తొక్కితే ఆ గాళ్లన్నీ నిండిపోయి, ఒక్కో బూటు బరువు రెట్టింపవుతుంది. షాపులో కుర్రాడు “సార్, ఇది సైకిలుకు కాదు, నడకకు” అంటాడు. “నీకు తెలీదులే తమ్ముడూ” అనండి. అన్నాక డిస్కౌంటు అడగండి.

3. బూటును ముక్కు నుంచి మడమ దాకా మడిచి చూడండి. పుల్కాలా మడత పడితే భేష్. సోలు కాస్త బిర్రుగా ఉంటే పాదం కింద బరువు సమంగా పరుచుకుంటుంది, రాళ్ల దెబ్బలు అరికాలికి అంతగా తెలియవు. మీకేమో తెలియాలి. గంట తిరిగేసరికి పాదం వంపులో నొప్పి పుట్టాలి, “నేనిక్కడ కూర్చుంటా, మీరు కానివ్వండి” అనడానికి. అనంతగిరిలో పద్మనాభస్వామి గుడి దగ్గర కూర్చుంటే భక్తి కూడా కలిసొస్తుంది.

4. ఇప్పుడు అసలు మర్మం. జారే బూట్లు కొన్నాం కదా అని కంగారుపడి పెడల్ పిన్‌లు విప్పేయకండి. అలెన్ కీ పెట్టి తిప్పితే నిమిషంలో ఊడొస్తాయి, నిజమే, కానీ ఆ పని చేస్తే పెట్టుబడంతా వృథా. జారే సోలు, పదునైన పిన్ రెండూ కలిసినప్పుడే ఫలితం. గతుకు మీద కాలు జారుతుంది. ఖాళీ అయిన పెడల్ గిర్రున తిరిగి వచ్చి మోకాటి చిప్ప కింద, కండ లేని ఎముక మీద తగులుతుంది. నాలుగైదు చుక్కలు వరసగా, స్కేలు పెట్టి కొలిచినట్టు ఎర్రగా తేలతాయి. మోకాలి నుంచి చీలమండ దాకా కాపాడే గార్డులు దొరుకుతాయి, వాటి జోలికి వెళ్లకండి. టీటీ ఇంజెక్షన్ చేయించుకుని, నెల్లాళ్లు నిక్కరేసుకు తిరగండి. అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరో ఒకరు అడుగుతారు. “ఆఁ, ఏముందండీ, ట్రైల్ మీద…” అని సగంలో ఆపేయండి. మిగతా సగం వాళ్లే ఊహించుకుంటారు. నిజంగా కొండ ఎక్కినవాడికి కూడా ఇంత పేరు రాదు. ఎక్కినవాడి కాలు నున్నగా ఉంటుంది, వాణ్ణెవడు నమ్ముతాడు?

5. వానాకాలానికి వాటర్‌ప్రూఫ్ జతే తీసుకోండి, అదీ చీలమండ దగ్గర నోరు తెరుచుకుని ఉండేది. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్ కడ్డీని ఒక్క ఊపున సాగదీస్తే ఒక కొత్త పదార్థం పుట్టింది. దాంతోనే గోర్‌టెక్స్ పొర చేశారు. నీటి చుక్కను లోపలికి రానివ్వదు, చెమట ఆవిరిని మాత్రం బయటికి పోనిస్తుంది. చాలా తెలివైన పొర. అయితే మృగశిర కార్తె దాటాక పడే వాన బూటులోంచి రాదు, పిక్క మీంచి సాక్సు పట్టుకుని జారి, పై నుంచి దిగుతుంది. దిగిన నీరు బయటికి పోవడానికి ఇక దారుండదు. మెడ దగ్గర నియోప్రీన్ పట్టీ బిగుతుగా ఉండే రకాలు ఈ అవకాశాన్ని పాడుచేస్తాయి. జాలీ బూట్లు ఇంకా ఘోరం: తడిసినంత వేగంగా నీళ్లు వదిలేసి, మర్నాటికల్లా ఆరి కూర్చుంటాయి. మూసీ పుట్టింది అనంతగిరిలోనే. రెండో మూసీని మీరు బూట్లలో ఇంటికి తీసుకురావచ్చు.

6. ఆరబెట్టడం. లోపలి అట్ట బయటికి తీయకండి. పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కకండి, నీడలో గాలికి పెట్టకండి. ఇవన్నీ చేస్తే బూట్లు బతుకుతాయి. ప్లాస్టిక్ కవర్లో ముడి వేసి కారు డిక్కీలో పడేయండి. బుధవారానికి అమ్మ అడుగుతుంది: “ఒరేయ్, కార్లో ఎలుకేదో చచ్చినట్టుందిరా, చూడు.” చూడకండి. శనివారం మధ్యాహ్నం తీసి, గ్యాస్ పొయ్యి పక్కనో, మండుటెండలో కారు డాష్‌బోర్డు మీదో పెట్టండి. వేడికి జిగురు వదిలి సోలు ముందువైపు నోరు తెరుస్తుంది. ఇది చాలా విలువైన దశ. ఫొటో తీసి దాచుకోండి, ఏ సంవత్సరమైనా వాడుకోవచ్చు. రోడ్డు చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఆయన అరగంటలో కుట్టి చేతిలో పెట్టేస్తాడు, మీ గతేం కాను?

7. లేసులు పొడుగ్గా ఉంచి, కుడికాలి ముడి లోపలివైపు వేలాడదీయండి. గొలుసు చక్రం ఉండేది అటే. కొన్ని బూట్లకు లేసు చివర్లు దోపుకోవడానికి నాలుక మీద చిన్న ఎలాస్టిక్ పట్టీ ఉంటుంది. కత్తెర తీసుకోండి.

8. పొద్దున్నే, పలుచటి సాక్సులతో వెళ్లి సైజు చూసుకోండి. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి కాబట్టి తెలిసినవాళ్లు అప్పుడే వెళతారు. బొటనవేలు ముందుగోడకు తాకుతూ ఉండాలి. దిగుడులో మిగతా పని గోరు చూసుకుంటుంది.

9. ఒక జతతో సరిపెట్టుకోవాలనే రూలేం లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు, గాలాడని నల్ల తోలు జత ఒకటి. డిసెంబరులో లంబసింగి మంచుకు, వేళ్ల సందుల్లోంచి గాలి దూరే జాలీ జత ఇంకొకటి. పెట్టెలో ఎప్పుడూ ఆ వారం వాతావరణానికి పనికిరానిదే పైన ఉండేలా సర్దుకోండి. ఇంట్లో ఆవిడ “ఏమండీ, ఉన్నవి తొక్కకుండానే మళ్లీనా?” అంటే, అందుకే కొంటున్నానని చెప్పండి. ఆమెకు ఆలోచించడానికి కొంత టైం పడుతుంది. ఈలోగా పార్శిల్ వచ్చేస్తుంది.

10. గ్రూపులో మెసేజ్ శనివారం రాత్రి పదిన్నరకు ముందు పెట్టకండి. తొమ్మిదికి పెడితే ఎవరో ఒకరు హెయిర్ డ్రయర్ గురించి సలహా ఇస్తారు. “బ్రో, షూస్ ఇంకా ఆరలేదు” చాలు. ఎండాకాలమైనా ఫర్వాలేదు, బూట్లను కుళాయి కింద పట్టి ఫొటో జతచేయండి. నేల మీద రెండు తడి అడుగులు కూడా పడితే ఇంక తిరుగులేదు.

11. ప్రతి గ్రూపులోనూ ఒక పెద్దమనిషి ఉంటాడు, “నా దగ్గర స్పేర్ జత ఉంది అన్నా, నీ సైజెంత?” అంటాడు. మంచివాడే, జాగ్రత్తగా ఉండండి. మీది తొమ్మిదైతే పదకొండని చెప్పండి. ఆయన ఎక్కడినుంచో పదకొండు కూడా పట్టుకొస్తే, మా ఇంట్లో అందరివీ వెడల్పు పాదాలన్నా, అనండి.