కిటికీ సీటుకు టీకా తాత్పర్యం

మూలం: "కిటికీ పక్కన, రెక్క అడ్డం లేని సీటివ్వండి."

అవతారిక: నర్సీపట్నంలో విమానాశ్రయం లేదు. ఆ ఊరి ప్రయాణికుడు విశాఖ చేరి, హైదరాబాద్ విమానం కోసం కౌంటరు దగ్గర నిలబడి పలికిన వాక్యమిది. వక్త కోరినది దృశ్యదర్శనం. ముందుగా దిగడం, కాళ్లు చాపుకోవడం ఇక్కడ వివక్షితాలు కావు.

ప్రతిపదార్థం: కిటికీ పక్కన = ఆరు సీట్ల వరుసలో ఏ గాని, ఎఫ్ గాని; రెక్క అడ్డం లేని = బాగా ముందుదో, బాగా వెనకదో; ఇవ్వండి = డబ్బు కట్టించుకునైనా. ఈ చివరి అర్థం మూలంలో కనబడదు గాని లోకవ్యవహారంలో ఉన్నదే.

"బాగా వెనకది" అనే అర్థం అంత బలమైనది కాదు. ఇంజను వదిలే వేడిగాలి గుండా చూస్తే కొండ చెరువులో నీడలా వణుకుతుంది. కనుక ముందు వరుసలే మేలు. ఏటీఆర్ 72కు ఈ చర్చ అక్కర్లేదు. దాని రెక్క కిటికీలకు పైన ఉంటుంది, ఇంజను పక్క వరుసలు తప్పిస్తే నేల బాగానే కనిపిస్తుంది. బోయింగ్ 737లో మాత్రం రెక్కకు కాస్త ముందు, గోడలోంచి ఏసీ గొట్టం పోయే చోట ఒక కిటికీ ఉండదు. అక్కడ కూర్చున్నవాడికి కిటికీ సీటు అన్నది రూఢి మాత్రమే, యోగార్థం శూన్యం.

అన్వయం: ఏ సీటా, ఎఫ్ సీటా? పటం మీద విశాఖ విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు రూళ్లకర్ర పెట్టి గీత గీస్తే అది దాదాపు నర్సీపట్నం మీదుగానే పోతుంది. గీతకు కుడివైపు లంబసింగి, చింతపల్లి మన్యం. ఎడమవైపు తుని, దాని వెనక సముద్రం. కొండలు కావలసినవారు ఎఫ్, సముద్రం కావలసినవారు ఏ అడగాలి. ఇంకా పడమరకు పోతే గోదావరి భద్రాచలం వైపు నుంచి కుడి కిటికీలోకి వచ్చి, గీతను దాటి, ఎడమ కిటికీలో పాపికొండల సందున దూరుతుంది. ఆ కాసేపు రెండు పక్షాలకూ న్యాయం జరిగినట్టే.

శంక: సొంతూరే చూడాలంటే? ఇది క్లిష్టం. కిటికీలోంచి పక్కలు కనిపిస్తాయి గాని కాళ్ల కింద ఉన్నది కనబడదు. విమానం ఊరి నడినెత్తిన పోతే ఏ వారికీ ఎఫ్ వారికీ కూడా నర్సీపట్నం దక్కదు. అయితే ఏ విమానమూ రూళ్లకర్ర పట్టుకుని పోదు. ఏటీసీ చెప్పిన దారిని బట్టి, మబ్బును బట్టి కాస్త అటో ఇటో జరుగుతుంది. ఆ జరగడమే ప్రయాణికుడి అదృష్టం. విశాఖ విమానాశ్రయానికి ఊరు గీత మీద సుమారు 65 కిలోమీటర్లే. అక్కడికి విమానం ఇంకా పైకెక్కుతూనే ఉంటుంది, పక్క సీటాయనతో పరిచయాలు పూర్తయ్యేలోగా ఊరు దాటిపోతుంది.

పాఠాంతరం: విశాఖకు బదులు భోగాపురం. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఆ విమానాశ్రయం నుంచి గీస్తే గీత ఉత్తరానికి జరిగి లంబసింగి దగ్గరగా పోతుంది. 1922లో రాజు దాడి చేసిన చింతపల్లి కూడా దాదాపు కాళ్ల కిందికే వస్తుంది. నర్సీపట్నం ఇరవై కిలోమీటర్ల ఎడంగా, ఎడమ కిటికీలో తేలుతుంది. ఈ పాఠంలో ఏ సీటే సిద్ధాంతం. చిక్కు లంబసింగి వారికి బదిలీ అవుతుంది.

విశేషాలు: ఏడాదిలో ఎక్కువ కాలం సూర్యుడు దక్షిణాన నడుస్తాడు కనుక ఎఫ్ కిటికీకి ఎండ కళ్లలో పడదు, కొండల మీద వెలుగు నిండుగా ఉంటుంది. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడే ఉత్తరానికి వస్తాడు. ఈ మినహాయింపు గుర్తుంచుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దుటి విమానమైతే మన్యం లోయల్లో మంచు పేరుకుని, కొండల నెత్తులు మాత్రమే బయటికి కనిపిస్తాయి. విశాఖ విమానాశ్రయం నౌకాదళం వారి ఐఎన్‌ఎస్ డేగాలో భాగం గనుక నేల మీద ఉన్నంతసేపూ ఫోను జేబులోనే ఉండాలి.

తిరుగు ప్రయాణానికి వేరే టీక అక్కర్లేదు. ఎఫ్ అన్నచోట ఏ అనీ, ఏ అన్నచోట ఎఫ్ అనీ చదువుకుంటే చాలు.