మహారాజశ్రీ రౌటర్ గారికి బహిరంగ అర్జీ

మహారాజశ్రీ రౌటర్ గారి దివ్యసముఖానికి, నడిమి గది ల్యాప్‌టాప్ తరఫున ఇంటాయన పెట్టుకుంటున్న అర్జీ.

సోమవారం పొద్దున అర్జీదారు ఆఫీసు పనికి కూర్చున్నారు. వైఫై గుర్తు నిండుగా ఉంది, నెట్ లేదు. పక్కనే అబ్బాయి ఫోన్లో యూట్యూబ్ శుభ్రంగా ఆడుతోంది. అంటే లైను పోలేదు. అయినా అలవాటు కొద్దీ నెట్ వాళ్ళకు ఫోన్ చేశారు. "ఒకసారి ఆపి వెయ్యండి సార్" అన్నారు. లోపలి గదిలో అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష రాస్తోంది, ఎలా ఆపుతారు?

లాన్ వైరు గుచ్చినా అదే తంతు. కాబట్టి నేరం వైఫైది కాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొడితే 169.254తో మొదలయ్యే అడ్రస్ బయటపడింది.

గుట్టంతా అక్కడే ఉంది. తమరి ఏలుబడిలో అందరి నంబర్లూ 192.168.1తోనే మొదలవుతాయి. 169.254 అంటే, అడ్రస్ ఇమ్మని అడిగి అడిగి, పలికే దిక్కులేక కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్న నంబరు. దాంతో వీధి గుమ్మం దాటే యోగం లేదు.

అడ్రస్‌లు పంచే తమరి కొలువు పేరు డీహెచ్‌సీపీ. దాని తొలి నిబంధనలు 1993 నాటివి. నంబరును రాసివ్వదు, గడువు పెట్టి కౌలుకిస్తుంది. ఈ ఇంట్లో గడువు 24 గంటలు.

అర్జీదారు ఫోన్లోంచి తమరి పేజీ తెరిచి చిట్టా చూశారు. బిగించిన రోజున ఎవరో 100 నుంచి 109 దాకా పది నంబర్లే పంపకానికి పెట్టారు. రెండొందల పైచిలుకు పెట్టుకునే వీలుండగా ఇంత పిసినారితనమా! ఆదివారం వ్రతానికి చుట్టాలొచ్చారు, ఫోన్లన్నీ వైఫై అందుకున్నాయి, రాత్రి బళ్ళెక్కి వెళ్ళిపోయారు. తమరు మాత్రం వాళ్ళ విస్తళ్ళు తీయలేదు. విశాఖ చేరిన బావగారి ఫోను పేరున 104 ఇంకా కౌలులోనే ఉంది. రెండ్రోజులు మూతపడి ఉన్న ల్యాప్‌టాప్ పాత నంబరు మేనత్తగారి ఫోనుకు దక్కింది.

ఆపి వేస్తే చాలా రౌటర్లలో ఈ చిట్టా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ చిట్కా జబ్బు తెలియకుండానే కుదురుస్తుందన్నమాట.

109ని 199గా మార్చి రెన్యూ కొట్టగానే 110 వచ్చింది. పింగ్‌కు తమరూ పలికారు, వీధి గుమ్మం అవతలి 8.8.8.8 కూడా పలికింది. ఇవి పలికాక కూడా సైట్ల పేర్లు తెరుచుకోకపోతే అది డీఎన్‌ఎస్ గారి మీద పెట్టాల్సిన వేరే అర్జీ.

ఇక ప్రార్థన ఒక్కటే. చుట్టాలున్న రోజుల్లో కౌలు గడువును రెండు గంటలకు దించే హక్కు అర్జీదారుకు దఖలు పరచాలి. వచ్చే నెల ఈ ఇంట్లో సీమంతం ఉంది.

చిత్తగించవలెను.