780 మందిలో సున్నా

ఎముకను పుట్టించే ప్రోటీన్ నిజంగానే ఎముకను పుట్టిస్తుంది. ఆ విషయంలో ఎవరికీ పేచీ లేదు. 1965లో అమెరికాలో మార్షల్ యూరిస్ట్ అనే ఎముకల డాక్టరు, ఖనిజాలు తీసేసిన ఎముక ముక్కలను జంతువుల కండరాల్లో పెట్టి చూస్తే అక్కడ కొత్త ఎముక మొలిచింది. ఆ పని చేయించే ప్రోటీన్లకే తర్వాత బీఎంపీలని పేరు వచ్చింది. ఎముక ఉండకూడని చోట కూడా ఇది ఎముకను మొలిపించగలదన్న హెచ్చరిక ఆ ప్రయోగంలోనే ఉంది. అమ్మకానికి దిగినవాళ్లు దాన్ని ప్రశంసగా చదువుకున్నారు.

వెన్నుపూసలను అతికించడానికి మామూలుగా రోగి తుంటి ఎముక నుంచే కొంత గీకి తెచ్చి మధ్యలో పెడతారు. దానికి బదులుగా మెడ్‌ట్రానిక్ సంస్థ ఇన్‌ఫ్యూజ్‌ను తెచ్చింది. బీఎంపీ-2లో తడిపిన కొలాజెన్ స్పాంజిని లోహపు కేజ్‌లో పెట్టి పూసల మధ్య అమర్చడమే ఇందులోని పని. 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి అనుమతిచ్చింది, అదీ నడుము దిగువన, పొట్టవైపు నుంచి చేసే ఆపరేషన్‌కు మాత్రమే. ఒంట్లో నానోగ్రాముల్లో తిరిగే సరుకు స్పాంజిలో మిల్లీగ్రాముల్లో చేరింది. చిటికెడు ఇంగువ చాలిన చోట డబ్బా బోర్లించడమంటే ఇదే. అనుమతి నడుముకు దొరికితే వాడకం మెడ దాకా ఎగబాకింది. మెడ ఆపరేషన్ల తర్వాత గొంతు వాచి, మింగడానికీ ఊపిరికీ కష్టమైన 38 ఫిర్యాదులు చేతికందాక, 2008లో ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది.

అన్నిటికన్నా అబ్బురం పరిశోధన పత్రాలది. కంపెనీ సొమ్ముతో సాగిన 13 అధ్యయనాల్లో 780 మందికి ఈ ప్రోటీన్ పెట్టారు. దానివల్ల వచ్చిన దుష్ఫలితాలు సున్నా. మంచినీళ్లు తాగినా 780 మందిలో ఒకరికైనా పొలమారుతుంది. ఈ ప్రోటీన్‌కు మాత్రం ఎవరికీ పొలమారలేదట! 2011లో వెన్నెముక సర్జన్ యూజీన్ కారగీ బృందం ‘స్పైన్ జర్నల్’లో అదే లెక్కను మళ్లీ తీసింది. ఆపరేషన్ చేసే దారిని బట్టి దుష్ఫలితాలు 10 నుంచి 50 శాతం దాకా ఉంటాయని తేల్చింది. వాపులు, అక్కర్లేని చోట మొలిచిన ఎముక, మగవాళ్లలో సంతానానికి అడ్డొచ్చే వీర్యస్ఖలన లోపం, అన్నీ ఆ సున్నా చాటున దాక్కున్నవే.

ఆ సున్నా ఖరీదేమిటో 2012లో అమెరికా సెనేట్ ఫైనాన్స్ కమిటీ చెప్పింది. 1996 నుంచి 2010 వరకు ఆ పత్రాల రచయితలకూ వాళ్లతో సంబంధమున్న సంస్థలకూ కంపెనీ నుంచి ముట్టింది దాదాపు 21 కోట్ల డాలర్లు. పత్రాల చిత్తుప్రతుల్లో కంపెనీ ఉద్యోగుల చెయ్యి పడిందనీ, తుంటి ఎముక తీసినప్పటి నొప్పిని పెంచి రాయించారనీ కమిటీ పేర్కొంది. తాము పత్రాలను వక్రంగా ప్రభావితం చేయలేదని కంపెనీ వాదించింది. కాకిపిల్ల కాకికి ముద్దే. ఇక్కడ ఆ ముద్దుకు బిల్లు కూడా ఉంది. ఒక్క మంచిపని మాత్రం జరిగింది: కంపెనీ తన డేటాను యేల్ విశ్వవిద్యాలయం ద్వారా బయటివాళ్లకు అప్పగించింది. 2013లో రెండు స్వతంత్ర బృందాలు దాన్ని జల్లెడ పట్టాయి. రోగికి కలిగే మేలులో, తుంటి నుంచి తెచ్చే పాత ఎముక ముక్కకంటే ఈ ప్రోటీన్ చెప్పుకోదగ్గంత మెరుగని తేలలేదు.

ఇప్పుడు వంతు ప్రోటీన్లకంటే పొట్టి గొలుసులైన పెప్టైడ్లది. జిమ్ కుర్రాళ్ల నోట నలిగే బీపీసీ-157, 15 అమైనో ఆమ్లాల గొలుసు. దెబ్బలన్నీ ఇట్టే మానతాయన్న ప్రచారానికి ఆధారం ఎక్కువగా ఎలుకలే. మనుషుల్లో ఏ జబ్బుకూ ఎఫ్‌డీఏ దీనికి అనుమతివ్వలేదు. 2022 నుంచి క్రీడల్లో నిషిద్ధం. అమ్మే సీసాల మీద ‘పరిశోధనకు మాత్రమే, మనుషులకు కాదు’ అని రాసి ఉంటుంది. ఆ మాట చదవగలిగినవాళ్లే దాన్ని పొడుచుకుంటున్నారు.