ఒక కన్ను మూసి వెలిగించిన సిగరెట్

పొగ తాగుతారా అని కంటి డాక్టరుగారు అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. గుండె డాక్టరు అడిగాడంటే అర్థం ఉంది. కళ్లకీ సిగరెట్‌కీ ఏం సంబంధం? “అప్పుడప్పుడూ అండీ” అన్నాను. రోజూ పెట్టె ఖాళీ చేసే అప్పుడప్పుడూ అది.

నాకున్నది గ్రేవ్స్ వ్యాధి, అంటే ఒక రకం థైరాయిడ్ జబ్బు. 1835లోనే ఐర్లండ్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ రాసిపెట్టిన జబ్బు. గుండెదడ, వణుకు, ఎంత తిన్నా ఒంటికి పట్టకపోవడం. కార్బిమజోల్ మాత్రలతో రక్తపరీక్షల్లో అంకెలు దారికొచ్చాయి కానీ కళ్లు రాలేదు. మన రోగనిరోధక శక్తే దారి తప్పి, థైరాయిడ్‌తో పాటు కంటి వెనకున్న కండరాల మీదా కొవ్వు మీదా పడుతుందట. అవి వాస్తాయి. చుట్టూ ఉన్నది ఎముక, సాగదు. ఇక గుడ్డు ముందుకు రావడమే దారి. పైరెప్ప కూడా పైకి లాగేసి ఉంటుంది కాబట్టి నేను ఊరికే చూసినా గుడ్లురిమినట్టే ఉండేది. ఆఫీసులో కుర్రాళ్లు ఫైళ్లు టైముకి తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ సంగతి నాకు కొంచెం నచ్చింది కూడా.

డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. గ్రేవ్స్ ఉన్నవాళ్లలో పొగ తాగేవాళ్లకే కళ్లజబ్బు ఎక్కువగా వస్తుంది, వస్తే ముదురుతుంది, ఎన్ని ఎక్కువ కాలిస్తే అంత ప్రమాదం. పైగా స్టెరాయిడ్లు వాళ్లమీద సరిగా పనిచెయ్యవు. అంతా విని నేను అడిగింది ఒక్కటే: “మానేస్తే కళ్లు మళ్లీ లోపలికి వెళ్తాయా?”

“వెళ్తాయని చెప్పలేను. ఇంకా ముందుకు రాకుండా, మేమిచ్చే మందు వృథా కాకుండా ఉండాలంటే మానాలి.”

వెళ్లవని తేలింది కదా, ఇక మానడం ఎందుకు? కూరగాయల బేరంలో కూడా నేనింత తెలివితక్కువగా ఎప్పుడూ ఆలోచించలేదు.

వారానికోసారి స్టెరాయిడ్ సెలైన్ ఎక్కించేవారు, మొత్తం పన్నెండు వారాల కోర్సు. చేతికి దూది అంటించుకుని బయటికొచ్చి, గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర ఒకటి వెలిగించేవాణ్ణి. లోపల డబ్బు కట్టి ఎక్కించుకున్న మందుకి బయట డబ్బు పెట్టి అడ్డుపడటం! అప్పటికి నాకు ప్రతిదీ రెండుగా కనిపిస్తోంది. సిగరెట్లు రెండు, మంటలు రెండు. ఏ మంట ఏ సిగరెట్‌దో తెలియక ఒకసారి మీసం కాలింది. అప్పుడైనా మానానా? ఒక కన్ను మూసుకుని వెలిగించడం నేర్చుకున్నాను.

మా ఆవిడ “ఏమండీ, చొక్కా వాసనొస్తోంది” అనడం ఎక్కువయ్యాక వేప్‌కి, అదే ఈ-సిగరెట్‌కి, మారాను. 2019 నుంచి దేశంలో దాని అమ్మకమే నిషేధం. ఉద్యోగంలో ఒక్క మెమో కూడా తీసుకోని మనిషిని, మామిడిపండు వాసనొచ్చే ఆ గొట్టాన్ని దొంగచాటుగా కొన్నాను. సిగరెట్‌కైతే మేడ మీదికి వెళ్లాలి. దీనికి దుప్పట్లోనే సరిపోతుంది కాబట్టి నికోటిన్ వాడకం పెరిగిందే తప్ప తగ్గలేదు. కళ్లజబ్బు విషయంలో సిగరెట్ మీద జరిగినన్ని పరిశోధనలు వేప్ మీద జరగలేదని ఎక్కడో చదివి, ఆ ఖాళీని నాకిచ్చిన అనుమతిగా లెక్కేసుకున్నాను. “సిగరెట్లు మానేశారా?” అని డాక్టరుగారు అడిగితే “మానేశానండీ” అని గట్టిగా చెప్పి, ధర్మరాజు “కుంజరః” అన్నట్టు వేప్ సంగతి గొంతులోనే నొక్కేశాను.

ఒకరోజు ఎడమ కంటికి మా ఆవిడ ఎర్రచీర వెలిసిపోయినట్టు కనిపించింది. చీర పాతదైందేమో అనుకున్నాను! కుడికన్నుతో చూస్తే నిగనిగలాడుతోంది. వాచిన కండరాలు కంటి నరాన్ని నొక్కుతుంటే రంగులు ఇలాగే వెలుస్తాయని, ఒక్క పూట కూడా ఆగకుండా రావాలని ఆసుపత్రిలో చెప్పారు. ఆ రోజు ఎవరూ అడగకుండానే దుప్పట్లో వేప్ సంగతితో సహా అంతా కక్కేశాను. డాక్టరుగారు తిట్టలేదు. తిడితే తేలిగ్గా ఉండేది.

మానడం గురించి పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. నికోటిన్ గమ్‌ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలి ఎక్కిళ్లు తెచ్చుకున్నాను. కాస్త నమిలి బుగ్గలో పెట్టుకోవాలట, పెట్టె మీద రాసే ఉంది. 1800-11-2356 అనే ప్రభుత్వ ఉచిత నంబరుకి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఫోన్ చేశాను. చేతులు వణికితే అది థైరాయిడో, నికోటిన్ కోసమో తెలిసేది కాదు. తెలియనప్పుడల్లా నికోటిన్ పక్షానే తీర్పు చెప్పుకుని మళ్లీ మళ్లీ జారాను. తర్వాత జారడం తగ్గింది.

ఇప్పుడు వాపు చల్లారింది, రంగులు తిరిగొచ్చాయి. గుడ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. రెండుగా కనిపించేదానికి కళ్లజోడులో ప్రిజం వేశారు. ఆపరేషన్లకీ ఒక వరస ఉంది: ముందు ఎముక తొలిచి చోటు చెయ్యడం, తర్వాత కండరాలు సరిచెయ్యడం, చివర్న రెప్పలు. నా వంతు ఇంకా రాలేదు.

వేప్‌ని మొన్న చెత్త ఆటోలో పడేశాను. ఆటో అబ్బాయి దాన్ని ఏరి నా చేతిలో పెట్టాడు. “ఇందులో బ్యాటరీ ఉంది సార్. తడి చెత్త కాదు, పొడి చెత్తా కాదు. ఇంతకీ ఏంటిది?”

“పెన్ను” అన్నాను.