పాత క్లబ్‌హౌస్ దిబ్బ

మా గేటెడ్ కమ్యూనిటీలో మొన్నటిదాకా సైకిళ్ల సీజన్ నడిచింది. అంతకుముందు మారథాన్. ఇప్పుడు గాలాలొచ్చాయి. హైటెక్ సిటీ నుంచి పది నిమిషాల దూరంలో ఉంటాం కాబట్టి (అర్ధరాత్రి బయల్దేరితే పది నిమిషాలే) దీన్ని గాలం వెయ్యడం అనకూడదట, యాంగ్లింగ్ అనాలట. గాలం వేసేది బిల్డర్లు. 'లేక్ వ్యూ' అనే ఎరకి మేమంతా పడింది అలాగే.

ఆదివారం పొద్దున్నే చూడాలి మావాళ్లని. జేబులే తప్ప గుడ్డ కనబడని జాకెట్, చెవులు కప్పే టోపీ, జపాన్ రీలు, నీటి కింద చేప ఎక్కడుందో ఫోన్లో చూపించే యంత్రం. ఇంత సరంజామాకీ పడేది అరచేతిలో ఇమిడే తిలాపియా. దానితో ఫొటో దిగి, దాన్ని నీళ్లలోకి వదిలేసి, గ్రూపులో పెడతారు. నేనూ ఒక కర్ర కొన్నాను. ఇంతవరకూ నాకు పడింది ఒక చెప్పు. దాన్ని కూడా సంప్రదాయం ప్రకారం వదిలేశాను.

గొడవ మొదలైంది దిబ్బ దగ్గర. కొన్నేళ్ల కిందట మా పాత క్లబ్‌హౌస్ పడగొట్టి కొత్తది కట్టారు. పాతదాని స్లాబులు, స్తంభాలు రాత్రికి రాత్రి టిప్పర్లెక్కి చెరువు మూలకి చేరాయి. ఎవరు చేర్చారో కమిటీ మినిట్స్‌లో లేదు. వానలకి నీళ్లు పెరిగి దిబ్బ మునిగింది. కాంక్రీటుకి పాచి పట్టింది, పాచికి చిన్న చేపలొచ్చాయి, స్లాబు సందుల్లో కాపురం పెట్టాయి, వాటి కోసం పెద్దవి వచ్చాయి. ఇప్పుడు చెరువంతా వెతికినా దొరకని చేప అక్కడ దొరుకుతుంది. అంతే, సర్వసభ్య సమావేశం పెట్టి, ఆ దిబ్బని 'కృత్రిమ రీఫ్'గా తీర్మానించాం. చెత్త వేసిన పాపం పోయి, పర్యావరణ సేవ చేసిన పుణ్యం వచ్చింది.

రీఫ్ అనే మాట తెచ్చిపెట్టింది మా బావమరిది. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటాడు, వారాంతాల్లో పడవెక్కి సముద్రం మీదికెళ్లి గాలం వేస్తాడు. "బావా, ఇక్కడ దీని మీద చట్టమే ఉంది" అన్నాడు ఫోన్లో. అబద్ధం కాదు. అక్కడ పాత ఓడలు, కాంక్రీటు సముద్రంలో ముంచి చేపలకి ఇళ్లు కడతారు. 2001 నుంచి డెలావేర్ తీరంలో న్యూయార్క్ సబ్‌వే రైలు పెట్టెల్నే ముంచారు. మన ఎంఎంటీఎస్‌కి లేని రిటైర్మెంట్ సౌకర్యం అది. 1950లో వచ్చిన చట్టం ప్రకారం గాలపు సామాన్ల మీద వసూలు చేసే పన్ను చేపల సంరక్షణకి పోతుంది, ఆ డబ్బులో కొంత ఈ రీఫులకూ చేరింది. తీరా చేపలు చేరాక, పొట్టకూటి జాలర్లు వచ్చి లాబ్‌స్టర్ బోనులు దించారు. మా పన్నుతో కట్టిన ఇంట్లో మీ బోనులేమిటని గాలం వాళ్లు, మీ తాతలకంటే ముందునుంచీ ఈ సముద్రంలో ఉన్నామని బోను వాళ్లు. ఈ తగాదా తేలక 2011లో కేంద్ర నిధులు ఆగిపోయాయి. చివరికి 2018లో న్యూజెర్సీ ముందున్న ఫెడరల్ జలాల్లోని 13 రీఫులని ప్రత్యేక మండలాలు చేసి, బోనులకి దారి మూసి, గాలానికి వదిలారు.

ఇది విన్నాక మావాళ్లు ఆగుతారా? 'రీఫ్‌కి యాభై మీటర్ల లోపు వలలు నిషేధం' అని బోర్డు రాయించారు. ఇంగ్లీషులో. చేపలు పట్టే వాళ్ల సంఘం పెద్దమనిషి ఆ బోర్డు చదవలేదు కానీ, దాన్ని పాతిన పద్ధతి చూసి అర్థం చేసుకున్నాడు. టీవీ అట్టపెట్టెల్లో వచ్చే థర్మకోలు పలకలు కట్టుకుని, వాటి మీద కూర్చుని, చేత్తో తెడ్డేసుకుంటూ వచ్చే మనిషి. మా ఇళ్లలో పెద్ద టీవీ వచ్చిన ప్రతిసారీ ఆయనకో కొత్త తెప్ప వస్తుంది. చెరువుతో మా సామాజిక బాధ్యత అంతవరకే.

నన్ను చూసి ఆగాడు. "సారూ, ఒక మాట అడుగుత. పట్టుడెందుకు, ఫొటో దిగుడెందుకు, మళ్ల ఇడిసిపెట్టుడెందుకు? మీకు ఆకలైతలేదా?"

క్యాచ్ అండ్ రిలీజ్ అని వివరించాను. విన్నాడు. "మూతి చినిగిన చాపని ఇడిసిపెడితే గది బతుకుతదా, దాని పెండ్లాం గుర్తువడ్తదా" అన్నాడు. దీనికి మా గ్రూపులో ఎవరి దగ్గరా సమాధానం లేదు. లైకులున్నాయి.

"మేం కూడ చెర్ల తుమ్మకంప ఏస్తుంటిమి సారూ. దొంగవలలు చినగాలె, పిల్లచాప దాగాలె అని. మీరు స్లాబే ఏసిన్రు. మా వల గూడ చినుగుతున్నది." ఇనుప చువ్వకి తగులుకుని చిరిగిన వల చూపించాడు. అసలు రీఫ్ శాస్త్రమంతా ఆ రెండు ముక్కల్లో ఉంది. తుమ్మకంప వేసిన వాళ్లు ఏ తీర్మానమూ చెయ్యలేదు, బోర్డు పాతలేదు, అందుకే వాళ్ల హక్కుకి ఆధారం లేదు. సైబరాబాద్‌లో నీటి మీద హక్కు రావాలంటే అందులో కాంక్రీటు పొయ్యాలి.

పోసినవాళ్లకి కొరత లేదు. 1998 నవంబర్‌లో వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించినప్పటినుంచీ ఇక్కడ చెరువులకి తీరని ఆకలి ఉన్నట్టు కాంక్రీటు వడ్డిస్తూనే ఉన్నాం. 2024 ఆగస్టులో, చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా, తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్ హాలుని కూల్చింది. అదే నెలలో దుర్గం చెరువు చుట్టూ రెండు వందల పైచిలుకు కట్టడాలకి నోటీసులంటించారు, ఎఫ్‌టీఎల్‌లో ఉన్నారని. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. ఆ గీత చేపలకి తెలుసు, బెస్తవాళ్లకి తెలుసు, రిజిస్ట్రేషన్ ఆఫీసుకి మాత్రం తెలియలేదు. ఒకప్పుడు గోల్కొండ కోటకి మంచినీళ్లిచ్చింది ఆ దుర్గం చెరువు. ఇప్పుడు దాని మీద 184 కోట్ల తీగల వంతెన ఉంది, రంగు దీపాలున్నాయి, సెల్ఫీలున్నాయి.

నాకు నవ్వొచ్చే సంగతి ఇంకొకటి. మన సముద్రంలో కథ తిరగబడుతుంది. కేంద్ర ప్రభుత్వ మత్స్య సంపద యోజన కింద 2023 నాటికి 10 తీర రాష్ట్రాలకి 732 కృత్రిమ రీఫ్ యూనిట్లు, 126 కోట్ల ఖర్చుతో మంజూరయ్యాయి. ఆంధ్ర తీరమూ అందులో ఉంది. అక్కడ కాంక్రీటు దించేది ఎవరి కోసం? అడుగు గీకేసుకుపోయే మరబోట్ల వలలు చిరిగి అవి దూరంగా పోవాలని, చిన్న పడవ మీద గాలాలు తీసుకెళ్లే జాలరికి నాలుగు చేపలు దక్కాలని. అంటే అక్కడ గాలం బీదవాడిది, వల షావుకారుది. న్యూజెర్సీలో గాలం డాక్టరుది, బోను కూలివాడిది. మా దగ్గర గాలం ప్రాజెక్ట్ మేనేజరుది, వల థర్మకోలు మనిషిది. చట్టం మాత్రం మా బావమరిది చట్టమే కావాలి మాకు. విశాఖ నుంచి ఎవరూ ఫోన్ చెయ్యలేదు కాబోలు.

పైగా మా చెరువులో చేప ఎవరిది? 2016-17 నుంచి రాష్ట్ర ప్రభుత్వం జాలర్ల సంఘాల కోసమని ఉచితంగా చేపపిల్లలు వదిలే పథకం పెట్టింది. బొచ్చె, రవ్వ అట్లా వచ్చినవే. మాకు పడే తిలాపియా ఎవరూ పిలవకుండా వచ్చి, చెరువంతా ఆక్రమించి, మాదే అంటుంది. ఆ ఒక్క చేప మీద మాకు నిజంగా హక్కుందని నా అభిప్రాయం. బంధుత్వం ఉంది.

మృగశిర కార్తె రోజు మా గ్రూపులో పొద్దున్నుంచీ ఒకటే సందేశాలు: 'బతికున్న కొర్రమీను ఎక్కడ దొరుకుతుంది?' రాష్ట్ర చేప అది, ఆ రోజు దాని ధర కూడా రాష్ట్ర స్థాయిలోనే ఉంటుంది. రామ్‌నగర్ మార్కెట్‌లో కాలు పెట్టే చోటు లేదని ఒకాయన రాశాడు. వలల నిషేధం తీర్మానం ప్రతిపాదించిన ఆయనే, మధ్యాహ్నానికి, సెక్యూరిటీ వాణ్ణి కట్ట మీదికి పంపాడు: పెద్దమనిషిని అడిగి రెండు కిలోలు తెమ్మని. పెద్దమనిషి లేడు. చిరిగిన వల బాగుచేసుకుంటూ ఇంట్లో ఉన్నాడట. ఉన్నా దారి లేదు. కట్ట మీదికి పోయే బాట మా కాంపౌండులోంచే, దానికి గేటు మేమే పెట్టాం. వాకింగ్ వాళ్ల కోసం ఆరింటికి తెరుస్తారు. రాత్రి వేసిన వల తెల్లవారుజామున నాలుగింటికి ఎత్తాలి. ఎండెక్కితే చేప వలలోనే చచ్చిపోతుంది, మార్కెట్లో సగం ధర కూడా రాదు.

కమిటీ సెక్రటరీ గారూ, రీఫ్ మీరే ఉంచుకోండి, బోర్డు కూడా ఉంచుకోండి. ఆ వెనక గేటు నాలుగింటికి తెరిపించండి. తాళం చెవి వాచ్‌మన్ దగ్గరే ఉంది, నేను కనుక్కున్నాను.